బర్రెకు ఉడికిన ఉలవలు

1938 జూలై 3, ఆదివారం. ఎల్లారెడ్డి

ఈ రోజు బొప్పాయి వంతు. కాయ వద్దు, పండు వద్దు, ఆ చెట్టు దగ్గరికి కూడా పోవద్దట. నిన్న నువ్వులు. మొన్న వంకాయ. గుడ్డు వేడి చేస్తదట, చేప దురద పెడ్తదట, సీతాఫలంతో పిల్లకు జలుబట. జంట అరటిపండు తింటే కవలలట. ఇక నాకు మిగిలింది జొన్న గట్క, పలచటి చారు. అవి కూడా సగం కడుపుకే. తక్కువ తింటే పిల్ల చిన్నగుంటది, కాన్పు సులువైతది అని మా అత్త ఈరవ్వ మాట.

పోయినసారి ఆ మాట విన్నాను. నెలలు నిండేసరికి చేతి గాజులు మోచేతి దాకా జారేవి. కాన్పు సులువుగానే అయింది. బాబు పుట్టిన పూటే పోయాడు. పాలు చప్పరించే బలం కూడా లేదు వాడికి. సులువు కాన్పు ఎవరికి కావాలి? నాకు పిల్ల కావాలి.

ఐదో నెల నడుస్తోంది. ఈసారి తింటాను.

జూలై 18

మా ఆయన కామారెడ్డిలో రైలు పట్టాల గ్యాంగులో పని చేస్తాడు. పేరు నోటితో అనను, రాయడానికేం, ఏసయ్య. డ్యూటీ మార్చుకుని నన్ను మిషన్ దవాఖానకు తీసుకుపోయాడు. అత్త కూడా వెంట వచ్చింది.

నర్సమ్మ నా కనురెప్ప కిందికి లాగి చూసి, ఒంట్లో రక్తమే లేదు, ఈమెకు తిండి పెట్టేదెవరు అని అడిగింది. అత్త కిటికీలోంచి బయటికి చూసింది. గుడ్డు, చేప బాగా ఉడికించి తినాలట. ఉలవలు, ఆకుకూర, పాలు తీసుకోవాలట. రెండు పూటలా కడుపు నిండాలట. పచ్చి బొప్పాయి, కల్లు, మట్టి ముట్టుకోవద్దట. అత్తకూ నర్సమ్మకూ కుదిరింది ఆ పచ్చి బొప్పాయి దగ్గరే. కల్లు చలువ అని అత్త రోజూ తాగమంటుంది. నేనే తాగను.

తిరిగి వచ్చేటప్పుడు మోటరు బస్సులో అత్త అందరికీ వినబడేలా అంది. ఆ నర్సమ్మకు పెండ్లే కాలేదు, కాన్పుల ముచ్చట ఆమెకేమెరుక అని. మోటరంతా నవ్వింది. నేను నవ్వలేదు.

జూలై 21

నర్సమ్మ ఇచ్చిన టానిక్ సీసా ఖాళీగా దొరికింది. నల్లటి మందు తాగితే పిల్ల నల్లగ పుడ్తదని అత్త దాన్ని బర్రె కుడితిలో పోసిందట. బర్రె కూడా కడుపుతో ఉంది. దాని దూడ నల్లగా పుడితే అత్తకు పరవాలేదేమో!

ఆగస్టు 2

గోడ తడిసినప్పుడు ఆ మట్టి వాసనకు నాలుక లాగుతోంది. చిన్న పెళ్ల తిన్నాను. ఇందులో నర్సమ్మ మాట కూడా దాటాను. తప్పే. ఇక తినను.

ఆగస్టు 9

ఈ రోజు నా చెవులతో విన్నాను. మంత్రసాని దేవవ్వ వాకిట్లో కూర్చుని ఉంది. అత్త కుండెడు ఉలవలు ఉడకబెట్టి, తవుడు కలిపి బర్రె ముందు పెడుతూ ఆమెతో అంటోంది. సూడి బర్రె, కడుపు నిండ పెట్టాలె, లేకుంటే దూడ నిలువది అని.

నాకు ఒళ్లు మండింది. అత్తమ్మా, నేను కూడా సూడిదాన్నే గదా అన్నాను. బర్రెకు నాలుగు కాళ్లున్నయి, నీకు రెండే ఉన్నయి అంది. దేవవ్వ పడీపడీ నవ్వింది.

బోర్డింగ్ స్కూల్లో ఆరేళ్లు చదివాను. బర్రెను చూసి కుళ్లుకునే రోజు వస్తుందని ఎవరూ చెప్పలేదు.

ఆగస్టు 10

అత్త నాట్లకు పోయింది. తవుడు కలపకముందే కుండలోంచి దోసెడు ఉలవలు తీసుకుని తిన్నాను. ఉప్పు లేదు, కారం లేదు. ఎంత రుచి! బర్రె నా వైపే చూస్తూ నిలబడింది. నీకు గడ్డి ఉందిలే అన్నాను.

ఆగస్టు 23

రోజూ తింటున్నాను. ఇప్పుడు ఉప్పు కూడా కొంగున కట్టుకుని పోతున్నాను. బర్రె గిన్నె నాకి నాకి పెడుతోంది, ఆకలి పెరిగినట్టుందని అత్త ఇంకో గిద్దెడు ఎక్కువ నానబెట్టింది. నా వాటా కూడా పెరిగింది. దేవవ్వ వచ్చి, నీ కోడలు మొఖం తేటగైంది ఈరవ్వా, నీ పత్యం మంచిగ పనిచేసింది అంది. అత్త మురిసిపోయింది. నేను తల వంచుకుని బియ్యంలో రాళ్లు ఏరాను.

సెప్టెంబరు 12

దొరికిపోయాను.

మధ్యాహ్నం అత్త కొడవలి మరిచిపోయి వెనక్కి వచ్చింది. కుండ నా ఒడిలో ఉంది, నోరు నిండా ఉలవలు. బర్రె నోటికాడిది తింటవానే అని అరిచింది. పక్కిండ్ల వాళ్లు తడిక మీది నుంచి తొంగి చూశారు. అవును తింటాను, నువ్వు దానికి పెట్టింది నాకు పెడితే ఎందుకు దొంగిలిస్తాను అన్నాను. నేను కూడా అరిచాను.

కొడుతుందనుకున్నాను. అక్కడే కూలబడి ఏడ్చింది. ఏడుస్తూ సాలవ్వ సంగతి చెప్పింది. సాలవ్వ నా ఆడబిడ్డ, నా పెళ్లికి ముందే కాన్పులో పోయిందని తెలుసు. ఎట్లా పోయిందో ఈ ఇంట్లో ఎవరూ అనరు. ఒక్కతే బిడ్డ అని అడిగిందల్ల పెట్టిన, గుడ్లు పెట్టిన, బెల్లం పెట్టిన, లోపల పిల్ల పెద్దగైంది, బయటికి రాలే, ఇద్దరూ పోయిండ్రు, ఈ చేతులతోనే పెట్టిన అని ఆ చేతులు నాకు చూపింది.

నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ పిసినారిది అనుకున్నాను, కాదు. నన్ను పోగొట్టుకోవద్దనే నా కడుపు మాడ్చింది. పక్కన కూర్చుని, సాలవ్వ నీ తిండితో పోలేదత్తమ్మా అన్నాను. ఆమె నమ్మలేదు.

నాకు జాలి కలిగింది. ఆకలి మాత్రం పోలేదు. కుండలో మిగిలినవి ఆమె ముందే తిన్నాను.

సెప్టెంబరు 18, ఆదివారం

అత్త మాట్లాడటం లేదు. నా పొయ్యి నేనే పెట్టుకున్నాను. వాకిట్లో, అందరూ చూసేటట్టు గుడ్డు ఉడికించుకుని తిన్నాను. పొట్టు కూడా దాచలేదు.

ఏసయ్య వచ్చాడు. అత్త అంతా చెప్పింది. ఆయన నేల చూస్తూ, అవ్వ చెప్పినట్టు విను అన్నాడు. అయితే కాన్పు కూడా అవ్వ కొడుకునే కనమను అన్నాను. అన్నం తినకుండానే మోటరెక్కి పోయాడు. పోనీ.

సెప్టెంబరు 25, ఆదివారం

ఏసయ్య మళ్లీ వచ్చాడు. తువాల మూట నా ముందు పెట్టి, బర్రెను కడగడానికి పోయాడు. మూటలో పోచారం చెరువు చేపలు. పులుసు పెట్టాను. ఆయనకు ముక్క ముట్టనివ్వలేదు. కొంచెం చారు పోశాను.

అక్టోబరు 14

దేవవ్వ కడుపు తడిమి చూసింది. పిల్ల దిట్టంగ ఉన్నది అంది. అత్త లేచి లోపలికి పోయింది. బయటికి రాలేదు.

అక్టోబరు 15

నాకు కూడా భయం వేసింది. రెండు పూటలా తిన్నాను.

అక్టోబరు 30

నా ధైర్యమంతా నోట్లోనే ఉందా అని ఆలోచించాను. తినడం నా జిద్దు, నా పంతం. సాలవ్వకు జరిగింది కూడా అబద్ధం కాదు. దేవవ్వ చేయి మంచిదే, కానీ పిల్ల అడ్డం తిరిగితే ఆమె చేసేదేముంది? అందుకే కాన్పుకు కామారెడ్డి దవాఖానకు పోతానని చెప్పాను. మగ డాక్టర్ ఉంటడు, ఇజ్జత్ పోతది అని అత్త చాలా రోజులకు నోరు విప్పింది. పోతే ఇజ్జతే పోనీ, ప్రాణం కాదు గదా అన్నాను.

నవంబరు 7. కామారెడ్డి

ఏసయ్యకు లీవు దొరకలేదు. బట్టల మూట పట్టుకుని ఒక్కదాన్నే మోటరెక్కాను. మోటరు కదిలే ముందు అత్త పరుగెత్తుకుంటూ వచ్చి నా పక్కన కూలబడింది. గుంతలు వచ్చినప్పుడల్లా నా పొట్టకు చెయ్యి అడ్డం పెట్టింది.

నవంబరు 12, పొద్దున

నొప్పులు నిన్నటి నుంచి. పిల్ల పెద్దది, టైం పడుతుందని నర్సమ్మ అంది. ఆ మాట అత్త విన్నది. రాయలేను. తిన్నందుకు మాత్రం పశ్చాత్తాపం లేదు.

నవంబరు 14

ఆడపిల్ల. గట్టిగా ఏడుస్తోంది, గట్టిగా చప్పరిస్తోంది.

నాకు నొప్పులు మొదలైనప్పటి నుంచి అత్త నోట్లో మెతుకు కూడా పెట్టుకోలేదట. నర్సమ్మ చెప్పింది. నా అన్నం గిన్నెలోంచి ముద్ద కలిపి ఆమె నోటి దగ్గర పెట్టాను. వద్దని తల అడ్డంగా ఊపింది. తినకుంటే పిల్లను ఇయ్య అన్నాను.

నోరు తెరిచింది.