పిలవకూడని పండుగకు తమరు రావలసిన అవసరం గురించి

రూపావా పురపాలక సంఘంలో కరెంటు బకాయిల మాఫీ చూసే అధికారి శ్రీ మిలుటిన్ గారి సముఖమునకు, రంపపు మిల్లు వీధిలో కాపురముండు వితంతువు స్తానోయ్కా వ్రాసుకొను అర్జీ.

విషయం: బకాయి పడినవారి ఇంటికి తరచు వెళ్ళుట, బకాయి తీర్చినవారి గడప తొక్కకపోవుట గురించి.

అయ్యా,

తమరు క్షేమమని తలుస్తాను. తమ శ్రీమతి గారి మోకాలు ఎలా ఉన్నది? క్యాబేజీ ఆకు కట్టమనండి, రాత్రికి వాపు లాగేస్తుంది. తమ అత్తగారి పిత్తాశయంలో రాళ్ళు తీశారని రొట్టెల కొట్లో విన్నాను. ఆ రాళ్ళు సీసాలో పెట్టి అందరికీ చూపిస్తున్నారట, వద్దని చెప్పండి, మంచిది కాదు. కిటికీ దగ్గర కూర్చునే గుమాస్తా అమ్మాయికి దగ్గు తగ్గిందా? ఎదురెదురు తలుపులు తీసిపెట్టి ఆ గాలిలో కూర్చోబెడితే దగ్గు కాక ఏమొస్తుంది? మా ఇంట్లో మా అబ్బాయి రాడోయ్‌కు నడుము నొప్పి. నాకు గుండె దడ, అది ఎప్పుడూ ఉండేదే. మా తోడికోడలు కోవిల్కా ఆరోగ్యం నేను వ్రాయనక్కరలేదు, తమరే వచ్చి చూసి వెళుతున్నారు.

తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. మా ఆయనా కోవిల్కా భర్తా అన్నదమ్ములు. ఇద్దరూ పోయినారు. వాకిలి ఒకటే, ఇళ్ళు రెండు. మా ఆయన మంచాన పడ్డ చలికాలాల్లో రాత్రింబవళ్ళు హీటరు పెట్టినందున మాకు కరెంటు బకాయి పడినది. కోవిల్కాకు ఊరికే పెట్టినందున పడినది.

2. మా బకాయి మేము పూర్తిగా చెల్లించినాము. రాడోయ్ జీతం రాగానే కాఫీ డబ్బాల్లో పంచేదాన్ని: కరెంటుకు ఒకటి, కట్టెలకు ఒకటి, తిండికి ఒకటి. తిండి డబ్బాలోంచి కరెంటు డబ్బాలోకి పోయేది గాని, అటునుంచి ఇటు ఎన్నడూ రాలేదు. చలికాలం ఫ్రిజ్ ఆపేసి పాలు కిటికీ బయట పెట్టాను. కాఫీలో వేయించిన బార్లీ కలిపాను. మా మామగారి నాటి సారా కాచే రాగి బాన అమ్మేశాను. రాడోయ్ సిగరెట్లు సగానికి తగ్గించాను. మిగతా సగం వాడికి ఎవరు ఇస్తున్నారో నాకు తెలుసు. వాకిట్లో నిలబడి, "ఏం అక్కా, మీ పొగగొట్టం కూడా ఉపవాసమేనా?" అని అడిగిన మనిషే ఇస్తున్నది.

3. తరువాత తమ మాఫీ పథకం వచ్చినది. కోవిల్కా బకాయిలో సగం కొట్టివేయబడినది, మిగతాది వాయిదాలు వేయబడినది. నేనూ వచ్చి వరుసలో నిలబడితిని. గుమాస్తా అమ్మాయి యంత్రంలో చూసి, "అమ్మమ్మా, మీకు అప్పే లేదు గదా, ఎందుకొచ్చారు?" అన్నది.

"తీర్చేశానమ్మా."

"తీర్చేసినవాళ్ళకి ఏమీ రాదు."

"తీర్చకుండా ఉండి ఉంటే?"

"వచ్చేది."

ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. నాకు డబ్బు వద్దు. కానీ కోవిల్కా ఆ మిగిలిన డబ్బుతో కొత్త సోఫా కొని, రాడోయ్‌ను పిలిచి, "కూర్చో నాయనా, మీ అమ్మ ఇంట్లో బల్లల మీద కూర్చుని నడుం పోగొట్టుకున్నావు" అన్నది. వాడు కూర్చున్నాడు.

4. ఇప్పుడు అసలు సంగతి. మా రెండిళ్ళకూ ఇంటి పండుగ ఒకటే, నికోలా పునీతుడిది. ఈ ఇంటి పండుగకు, అదే స్లావాకు, ఎవరూ ఎవరినీ పిలవరని తమకు తెలియనిది కాదు. రావలసినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. అప్పు తీర్చే రోజుల్లో, వచ్చినవాళ్ళకు చేప ఎక్కడినుంచి తెచ్చిపెట్టను అని భయపడి, "ఈ ఏడు మా ఇంటికి అతిథులు రావద్దు" అని చర్చి దగ్గర నేనే చెప్పాను. ఒక్క ఏడాదికే చెప్పాను. జనం ఎప్పటికీ అనుకున్నారు. అప్పు తీరాక కబురు పెడదామంటే, పిలవకూడదు గదా! రావద్దని చెప్పడానికి నోరు ఉంది, రమ్మనడానికి లేదు.

5. కిందటేడు బల్ల సర్దాను. బంగారుతీగ చేప, చిక్కుడు గింజలు, అక్రోట్లు వేసిన గోధుమలు, కొవ్వొత్తి. కార్లన్నీ కోవిల్కా వైపే ఆగాయి. మా మేనమామ కొడుకు కూడా నా కిటికీ ముందునుంచి తల వంచుకుని వెళ్ళాడు. రాడోయ్ "ఐదు నిమిషాల్లో వస్తా" అని వెళ్ళి, కొవ్వొత్తి సగమయ్యాక వచ్చాడు. పండుగ రొట్టెను వచ్చినవాళ్ళంతా తలా ఒక చెయ్యి వేసి తిప్పాక కోయాలి గదా, మేము ఇద్దరమే పట్టుకుని తిప్పాము. కోసేటప్పుడు అన్నాడు, "అమ్మా, వచ్చే ఏడు కూడా ఎవరూ రాకపోతే, ఆ పై ఏడు పిన్నివాళ్ళతో కలిపి ఒకటే కొవ్వొత్తి వెలిగిద్దాం. ఖర్చు కూడా కలిసొస్తుంది." ఖర్చు మాట నా దగ్గర నేర్చుకున్నదే. వాళ్ళ నాన్న వెలిగించిన కొవ్వొత్తి కోవిల్కా బల్ల మీదికి పోతే, ఈ ఇల్లు ఇల్లు కాదు, ఆవిడ ఇంటికి వెనక గది.

6. ఈ ఏడు తమరు పేపరు ఫొటో మనిషితో సహా కోవిల్కా ఇంటికి వస్తున్నారని, "అప్పుల్లోంచి బయటపడ్డ ఆదర్శ గృహిణి" అని వేస్తారని ఆవిడ వీధి వీధీ చెబుతున్నది. ఆవిడకు ఇంకా వాయిదాలు ఉన్నాయి! బయటపడ్డది నేను.

కావున ప్రార్థించునది ఏమనగా, అతిథిని పిలవకూడదు గాని, అధికారిని తనిఖీకి రమ్మని అర్జీ పెట్టుకోకూడదని ఏ పెద్దలూ చెప్పలేదు. తమరు ఆ రోజు మా ఇంట బకాయి లేదని తనిఖీ చేసి, ఆ తరువాతనే అటు వెళ్ళవలెను. తమ కారు నా వైపు ఆగితే మిగతావాళ్ళు వెనకే వస్తారు. మన ఊరి జనం సంగతి తమకు తెలుసు.

ఇది చిత్తగించి, చిత్తగించి ఊరుకోకుండా బయలుదేరవలెను.

తమ విధేయురాలు, కోవిల్కా కంటే ఎక్కువ విధేయురాలు,
స్తానోయ్కా

మళ్ళీ వ్రాయునది: బాబూ, రాడోయ్‌కు ఈ అర్జీ సంగతి తెలియదు, చెప్పకు. ఆకలితో రా. ఆవిడ ఇంట్లో ముందు తినకు, చిక్కుళ్ళలో నూనె దిమ్మరిస్తుంది. ఫొటో అతను ఆలస్యమైతే అవనీ, నువ్వు మాత్రం జనం రాకముందే రావాలి. రొట్టె కోయకుండా ఆపి ఉంచుతాను, మూడో జత చేతులు నీవి. డిసెంబరు పంతొమ్మిది, పొద్దున పదకొండుకు.