శాకరిన్ గోలీలు

రాజవ్వా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. ఈ ఏడాదిల నేను బాగ లావైన. మోకాళ్లు నొచ్చి మగ్గం తొక్కుడు కష్టమైతుంది. బరువు తగ్గాలెనని మన బిడ్డ పద్మ కరీంనగర్ నుంచి శాకరిన్ గోలీలు తెచ్చింది. చాయల చక్కెరకు బదులు వేసుకోవాల్నట. నాకు భయమై సీస పట్టుకొని దవాఖానకు పోయిన.

"ఒకటి రెండు గోలీలతోని ఏం కాదు," అన్నడు డాక్టర్ సాబు. "గని గోలీలతోనే బరువు తగ్గదు, తిండి తగ్గాలె. రోజు ఏం తింటున్నవ్?"

పొద్దుగూకంగనే హోటల్‌కు పోయి మిర్చీలు, జిలేబీలు తింటనని, మూసేదాక అక్కడ్నే కూసుంటనని చెప్పిన.

"అంతసేపెందుకు?" అన్నడు.

సీస జేబుల వేసుకొని ఇంటికొచ్చిన. నువ్వుండంగ పొద్దుగూకినంక ఎన్నడన్న బయటికి పోయిన్నా? మగ్గం దిగంగనే చాయ తెచ్చి, తాగేదాక వాడకట్టు ముచ్చట్లన్నీ చెప్తుంటివి.

ఇయ్యాల హోటల్‌కు పోలే. నేనే పొయ్యి ముట్టిచ్చి చాయ పెట్టిన. చక్కెర వెయ్యలే, గోలీ వెయ్యలే. చేదుగున్నది. అయినా గడప మీద కూసొని మొత్తం తాగిన.

"ఏం కొడుకా, ఇంట్లనే ఉన్నవా?" అనుకుంట ఎదురింటి ముసలవ్వ వచ్చి పక్కకు కూసున్నది. చీకటి పడేదాక నీ ముచ్చట్లే చెప్పుకున్నం.