నారాయణమ్మ సీసా

విజయనగరం

పెద్దలైన నరసింగరావు మావయ్యకు, మేనకోడలు పద్మకుమారి నమస్కారాలు.

నువ్వు ఫోనెత్తవు కనుక ఈ ఐసుపెట్టెలోనే ఉత్తరం పెట్టి బస్సు పార్సిల్లో పంపుతున్నాను. ఇందులో ఖాళీ సీసాలున్నాయి. మన పెదజీడివలసలో కిడ్నీ జబ్బున్నవాళ్ళవి కొన్ని, లేనివాళ్ళవి కొన్ని, ఒక్కొక్కరి మూత్రం ఒక్కో సీసాలో పట్టించి, పేరు రాసి పంపాలి. ఒప్పుకున్నవాళ్ళవే సుమా. ఆ జబ్బు ఎందుకొస్తోందో కనుక్కోవడమే ఇక్కడ నా పని. మా ల్యాబువాళ్ళు నా గురించి నాలుగు ముక్కలు రాసిమ్మన్నారు. అమ్మ ఆ జబ్బుతోనే పోయిందనీ, అందుకే ఈ పరిశోధనలోకి వచ్చాననీ ఊరి పేరుతో సహా రాసిచ్చాను.

ఇట్లు,
పద్మ

తా.క.: సీసాలు అత్త కంట పడనియ్యకు. పోపుగింజలు పోసుకుంటుంది.

పెదజీడివలస

చిరంజీవి పద్మకి మావయ్య దీవెనలు.

ఊరి పేరెందుకు రాసేవే? అరసవల్లి అని మార్చియ్యి. సూర్యనారాయణమూర్తి ఊరంటే ఎవడు వంక పెడతాడు? మా రాజీకి గరివిడి సంబంధం కుదిరేలాగ ఉన్నాది. పెళ్ళిచూపులకొచ్చి మనింట మంచినీళ్ళు ముట్టలేదు. కారులో సొంత నీళ్ళ టిన్ను తెచ్చుకున్నారు, కాఫీ కూడా ఆ నీళ్ళతోనే పెట్టించేరు. "మీ ఊళ్ళో అందరికీ కిడ్నీలు పోతాయట కదా" అని పెళ్ళికొడుకు తల్లి అడిగితే నాకు తల కొట్టేసినట్టయ్యింది. సీసాలు నింపి పంపుతన్నాను. విత్తనానికి తాలుగింజలేస్తామా? ఏరి మంచివే పంపేను. ఊరికి జబ్బు లేదని ఓ కాగితం రాసియ్యి.

ఇట్లు,
నరసింగరావు

తా.క.: డాక్టరయ్యి ఇన్నేళ్ళయినా సూది వెయ్యవంట, పరీక్ష తప్పేవా అని పక్కింటి సూరయ్య అడుగుతన్నాడు.

విజయనగరం

మావయ్యకు నమస్కారాలు.

నేను సూది వేసే డాక్టర్ని కాను, పరిశోధన డాక్టర్ని. ఎన్నిసార్లు చెప్పాలి? అది అలా ఉంచు. సీసాలమీద పేర్లు వేరు, లోపలున్నది ఒక్కరిదే. మీ ఎదురింటి నారాయణమ్మ సీసా పెడితే మగమనిషిదని మిషను చెబుతోంది. మా సారు ముందు తలెత్తుకోలేకపోయాను. ఈ పని చెడితే వచ్చే ఏడు నన్ను ఉంచుకోరు. ఎవరివవి? కోప్పడను, తొందరగా చెప్పు. ఊరికే అడగడం లేదు.

నీ
పద్మ

తా.క.: మిషను అన్నమాట నారాయణమ్మకు చెప్పకు.

పెదజీడివలస

అమ్మా పద్మా, దీవెనలు.

దొరికిపోయేను. అన్నీ ఒక్కడివే. మనూళ్ళో ఆడంత గట్టి మనిషి లేడు, జ్వరమంటే తెలీదు. పేరడక్కు, మాటిచ్చేను. ఊరి పరువు కోసం కుండెడు మజ్జిగ తాగి మరీ నింపేడు పాపం. మిషను అంత వివరంగా సూస్తాదని నాకేటి తెలుసు? ఆడు బాగుంటే ఊరు బాగున్నట్టే. కాగితం పంపు, ముహూర్తం పెట్టించాలి.

ఇట్లు,
మావయ్య

తా.క.: పెళ్ళిపనులకి తిరిగి నా కాళ్ళు వాచేయి. నూనేదైనా ఉంటే పెట్టెలో పడెయ్యి.

మరో తా.క.: నారాయణమ్మకి అప్పటికే సెప్పేసేను. కర్ర పట్టుకుని నీకోసం సూస్తంది.

విజయనగరం

మావయ్యా,

ఈసారి దండాలు రాయడం లేదు. ఆ గట్టి మనిషి కిడ్నీలు బాగాలేవు. ప్రతి సీసా అదే చెబుతోంది. నీ కాళ్ళ వాపు సంగతి చదివాక ఆ మనిషెవరో ఇక అడగను. అమ్మకీ ముందు కాళ్ళే వాచాయి. అప్పుడు చిన్నదాన్ని, నాకేమీ తెలీదు. ఇప్పుడు తెలిసి కూడా నిన్ను పోగొట్టుకోలేను. సీసాలొద్దు, కాగితాలొద్దు. నువ్వే బస్సెక్కు, ఆసుపత్రికి నేను తీసుకెళ్తాను. నాకు చాలా భయంగా ఉంది.

పద్మ

తా.క.: నూనె పంపడం లేదు.

పెదజీడివలస

బంగారుతల్లి పద్మకి,

ఈ ఉత్తరం నా చేత్తోనే ఇస్తాను. నోటితో సెప్పలేక రాస్తన్నాను.

నాకు ఉగాదినాటినుంచీ తెలుసే. మీ అమ్మ కాళ్ళు వాచినప్పుడు ఒత్తినోణ్ణి నేనే కదా. పరువు కోసమని అబద్ధం సెప్పేను. నా పేరుమీద పంపితే జబ్బని వస్తాదని భయం. అందుకే ఊళ్ళో గట్టివాళ్ళ పేర్లన్నీ రాసేను. ఏదో ఒక పేరుమీదన్నా బాగుందని వస్తే, అదే నాదనుకుందామని. నారాయణమ్మ పేరుమీద చాలా ఆశ పెట్టుకున్నాను.

గరివిడివాళ్ళకి నా జబ్బు సంగతి నేనే సెప్పేసేను. టిన్నుతో సహా వెళ్ళిపోయేరు. రాజీ "పోతే పోనీ నాన్నా" అంది, పెరట్లోకెళ్ళి ఏడ్సింది. ఇల్లిల్లూ తిరిగి అడిగి, ఎవరిది ఆళ్ళ సీసాలోనే పట్టించేను. ఈసారి ఏరలేదు. ఊరి పేరు అలాగే ఉంచు, అరసవల్లి వద్దు. రేపు మొదటి బస్సుకి పెట్టె ఒళ్ళో పెట్టుకుని వస్తన్నాను.

నీ
మావయ్య

తా.క.: నారాయణమ్మ కూడా మళ్ళీ ఇచ్చింది. తను ఆడమనిషేనని మిషనుచేత కాగితం రాయించి తెమ్మంటంది. నాకు రాయలేని కాగితం, ఆవిడకన్నా రాసియ్యి.