ఉర్హో గారి బండిలో కీచుచప్పుడు

చిరంజీవి రూడీకి,

సరస్సు ఈవలి ఒడ్డు నుంచి ఉర్హో కంగాస్ దీవెనలు. ఫోను చెయ్యకుండా ఉత్తరమేమిటంటావేమో. మా లైను మీద ఇంకో నాలుగిళ్లున్నాయి. నేను ఫోనెత్తితే అందరూ ఎత్తుతారు.

సంగతేమిటంటే, చలికాలం ముందు నీ షాపులో సర్వీసు చేయించిన దగ్గర్నుంచీ మంచు మీద నడిచే నా స్నోమొబైల్ బండి కీచుమంటోంది. సరస్సు గడ్డకట్టి ఉందేమో, ఆ కీచు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా వినిపిస్తోంది. ప్రతి కిటికీలోనూ ఒక తలకాయ. "అదుగో, ఉర్హో సైమి ఇంటికి బయల్దేరాడు" అని చెప్పుకుంటున్నారు.

సైమి నీకు పిన్నే అనుకో. అయినా మెకానిక్కు దగ్గరా వైద్యుడి దగ్గరా సిగ్గుపడితే ఎలా? మంచు కరిగేలోగా ఆవిడను పెళ్లికి అడగాలనుకుంటున్నాను. కరిగాక ఆవిడుండే ఆవలి ఒడ్డుకు అంతా చుట్టుదారి, నాకు కారు లేదు. ఊరంతా చెవులు రిక్కించి వింటుంటే ఆ మాట ఎలా అడిగేది? ఉపాయం వెంటనే రాయి.

ఇట్లు,
ఉర్హో

తా.క.: నా కుక్క నాతో రావడం మానేసింది. పక్కింటివాళ్ల బండెక్కి తిరుగుతోంది.

*

పెద్దలు ఉర్హో గారికి,

రూడీ నమస్కరించి రాసేది. కంగారు పడకండి. చలికి ఇంజను బెల్టు బిగుసుకుపోయి ఉంటుంది. విప్పి, వెచ్చటి చోట ఉంచి, మళ్లీ తగిలించండి. వెనకాల, బండిని నడిపే రబ్బరు పట్టా లోపలుండే చిన్న చక్రాల జోలికి మాత్రం వెళ్లకండి. అవి బంగారంలా ఉన్నాయి.

పిన్ని సంగతి మీరు అడగాలే గాని, ఆవిడ కాదనదని నా నమ్మకం.

విధేయుడు,
రూడీ

తా.క.: కుక్క చెవుల్లో దూది పెట్టి చూడండి.

*

చిరంజీవి రూడీకి,

ఆశీస్సులు. వెచ్చటి చోటన్నావు కదా అని బెల్టును ఆవిరిగదిలో తగిలించాను. శనివారం స్నానానికొచ్చిన మా తమ్ముడు విల్హో అది వీపు రుద్దుకునే పట్టీ అనుకున్నాడు. ఇప్పుడు వాడి వీపు మీద నల్లటి చారలు. వాడి పెళ్లాం నాతో మాట్లాడటం లేదు.

చప్పుడు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇంజను ఆపేసి దిబ్బ మీంచి బండిని జారనిచ్చాను. అయినా కీచుమంది. ఇంజనే ఆగితే ఇక బెల్టుదేం తప్పు? వేగం పెరిగితే కీచూ పెరుగుతోంది. నాకు తెలిసి అది తిరిగే చక్రాల్లోది. నువ్వేమో చక్రాలు బంగారమంటావు.

ఇంకో మాట. నేను మీ పిన్ని తలుపు తట్టిన చాలాసేపటికి గాని ఆవిడ తీయదు. లోపల పరుగులు వినిపిస్తాయి, సొరుగులు తీస్తారు, వేస్తారు, వెనకెక్కడో తలుపు ధడాలుమంటుంది. ఆ తర్వాత మొహమంతా ఎర్రగా చేసుకుని, ఏమీ ఎరగనట్టు కాఫీ ఇస్తుంది. ఇంట్లో ఇంకెవరో ఉన్నారు రూడీ. నా చప్పుడు విని సాగనంపేస్తోంది. అందుకే ఈ బండి నోరు మూయించాలి. ఒక్కసారి చప్పుడు లేకుండా వెళితే దొంగ దొరుకుతాడు.

ఇట్లు,
ఉర్హో

తా.క.: దూది పెట్టాను. కుక్క దాన్ని తినేసింది.

*

పెద్దలు ఉర్హో గారికి,

నమస్కారాలు. దయచేసి చప్పుడు లేకుండా వెళ్లకండి. అక్కడెవరూ లేరు, పిల్లి కూడా లేదు, నా మాట నమ్మండి. చైను పెట్టెలో నూనె చిక్కబడి ఉంటుంది. పాతది తీసేసి కొత్తది పొయ్యండి. నిదానంగా చెయ్యండి, వసంతం దాకా చేసినా పరవాలేదు.

విధేయుడు,
రూడీ

తా.క.: దారిలో కాసేపు ఆగి చేపలు పట్టుకుని వెళ్లండి. చేతిలో చేప ఉంటే ఆడవాళ్లు సంతోషిస్తారు.

*

రూడీకి,

దీవెనలు ఈసారి లేవు. ఆ పెట్టె విప్పితే నూనెంతా వంటింటి నేల మీదికొచ్చింది. బండిని వంటింట్లోకి ఎందుకు తెచ్చావని అడగకు. బయట చలి.

నువ్వు చెప్పినట్టు దారిలో ఆగాను, చేప కూడా దొరికింది. ఆవిడ చేప అందుకుని లోపలికి వెళ్లగానే కిటికీలోంచి తొంగి చూశాను. కుర్చీ మీద మగాడి ఉన్ని ప్యాంటు. నాది కాదు. ఈ చలిలో ప్యాంటు వదిలేసి వెనక తలుపున పారిపోయాడంటే వాడు ఎంత తెగించినవాడో. అలాంటివాడితో నేను పోటీ పడలేను.

నీకంతా ముందే తెలుసు. ఆగి చేపలు పట్టమన్నది అందుకే. వాడు తప్పించుకోవడానికి. నేనింక సరస్సు దాటను. బండిని నీ షాపు ముందు అమ్మకానికి పెట్టు. ఈ వయసులో నాకివన్నీ ఎందుకు చెప్పు. ఊరికే ఆశపడ్డాను.

ఉర్హో

తా.క.: ఈ ఉత్తరం తెచ్చే పోస్టుమాను మాత్తీ కాళ్లకేసి చూడు. ప్యాంటు ఉందో లేదో రాయి.

*

పెద్దలు ఉర్హో గారికి,

చూశాను. ప్యాంటు ఉంది. ఎందుకలా చూస్తున్నావని మాత్తీ గారు అడిగితే, బూట్లు బాగున్నాయన్నాను.

ఇంక దాచలేను. మీ బండి నా షాపులో ఉన్నప్పుడు పిన్ని వచ్చింది. "ఒరే రూడీ, ఆయన చెప్పాపెట్టకుండా ఊడిపడతాడు. అప్పటికి నా కట్టుడు పళ్లు గ్లాసులో ఉంటాయి. ఒంటి మీద చచ్చిపోయిన మీ బాబాయి ప్యాంటు ఉంటుంది, చలికి అదే వెచ్చన. నన్నలా చూస్తే మనిషి మళ్లీ వస్తాడా? ఆ బండికి ఏదో ఒక చప్పుడు పెట్టరా, నాకు వినబడేట్టు" అంది. నేను వెనక వరసలో కుడివైపు చిన్న చక్రం తీసి, బేరింగు అరిగిపోయినది పెట్టాను.

ఆ పరుగులు మీ కోసమే. ఆ సొరుగులు దువ్వెన కోసం, ఆ తలుపు బట్టల బీరువాది. ఇంతకాలంలో ఆవిడ ఇంకెవరి కోసమూ పళ్లు పెట్టుకోవడం నేను చూడలేదు, చర్చికి కూడా. మంచి చక్రం దీనితో పంపుతున్నాను. బండి అమ్మకండి. దయచేసి వెళ్లండి.

విధేయుడు,
రూడీ

తా.క.: నేను చెప్పానని ఆవిడకు తెలిస్తే ఈ జన్మలో నాకు ఏలకుల రొట్టె పెట్టదు.

*

చిరంజీవి రూడీకి,

వెయ్యేళ్లు బతుకు నాయనా. చక్రం మార్చాను. బండి వెన్నలా సాగిపోయింది. ఒక్క కిటికీలోనూ తలకాయ లేదు.

తలుపు తట్టగానే మీ పిన్ని తీసింది, మాత్తీ అనుకుని. ప్యాంటు ఉంది, పళ్లు లేవు. నన్ను చూసి రెండు చేతులతో నోరు మూసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తలుపు వేసెయ్యబోయింది. తలుపు సందులో కాలు అడ్డం పెట్టాను రూడీ. నా కట్టుడు పళ్లు పైవరసా కిందివరసా రెండూ తీసి చేతిలో పెట్టుకుని చూపించాను.

ఆవిడ నోటి మీంచి చేతులు తీసింది. అంత నవ్వు నేనెప్పుడూ చూడలేదు. గుమ్మంలోనే అడిగేశాను. పళ్లు లేకుండా నేను అడిగిందీ, పళ్లు లేకుండా ఆవిడ చెప్పిందీ బయటివాళ్లకు ఒక్క ముక్క అర్థమై ఉండదు. మాకు అర్థమైంది. మంచు కరిగేలోగానే పెళ్లి. తర్వాత నా పళ్లు కూడా ఆవిడ గ్లాసులోనే వేసి, ఇద్దరం రొట్టెను కాఫీలో నానబెట్టుకుని తిన్నాం.

ఇట్లు,
మీ కొత్త బాబాయి

తా.క.: ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ నాకు దవడ ఒకటే నొప్పి. సైమికీ అంతేనట. ఇప్పుడు అద్దంలో చూసుకుంటే మీ పిన్ని నవ్వు కనిపించింది. వెళ్లి పళ్లు మార్చుకొస్తాను.