ఫొటోలు దాచే చోటు

రత్నా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. పొద్దున ఆదోనిలో డాక్టరును కలిశాను. గొంతులో గడ్డ మంచిది కాదన్నాడు, ఆలస్యం చేయకుండా కర్నూలులో చేరమన్నాడు. మన సుజాతకు ఇంకా చెప్పలేదు.

ఎమ్మిగనూరు బస్సెక్కే ముందు బస్టాండు పక్కనున్న సెల్ షాపులో నీ ఫోన్ ఇచ్చాను. నేసిన ప్రతి చీరనూ మగ్గం మీద నుంచి కోసే ముందు నువ్వు ఫొటో తీసేదానివి. రోజు లెక్కలు నేను రాసేవాణ్ణి. ఆ ఫొటోలన్నీ ఇంటర్నెట్‌లో భద్రంగా దాచాలని అడిగితే, షాపు నడిపే షబానా రెండు కంపెనీల వివరాలు చూపించింది.

"ఇది తీసుకో తాతా. జాగా ఎక్కువ."

"నేను తెరవకుండా ఉంటే ఏమైతాది?"

"ఏం గాదు. ఆడనే పడుంటాయి."

"మరి రెండోదాంట్లో?"

"నువ్వు సెప్పిన గడువు దాకా సూస్తారు. అప్పటికీ తెరవకుంటే నీ బిడ్డకు మెయిల్ పోతాది. ఆమె తీసుకోవచ్చు."

రెండోదే కావాలన్నాను. గడువు మూడు నెలల నుంచి ఏడాదిన్నర వరకు పెట్టుకోవచ్చట.

"మూడు పెట్టమ్మా."

షబానా నవ్వింది. "మూడు నెలలు ఫోన్ ముట్టకుండా యాడికి పోతావు తాతా? రీల్స్ ఎవరు సూస్తారు?"

నేనూ నవ్వాను.

మెయిల్‌తో పాటు వెళ్లేలా బిడ్డకు ఏమైనా రాయమంది. వెనక ఇంకొకరు నిలబడి ఉన్నా కాసేపు ఆలోచించాను.

"సుజాతా, ఇవి మీ అమ్మ నేసిన చీరలు. తీరిగ్గా చూసుకో" అని రాశాను.