కాలు తప్ప అంతా క్షేమం

ఉండ్రాజవరం,
9 జూలై 2025.

చిరంజీవి డాక్టర్ సుప్రియమ్మకు అప్పాజీ తాత ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నా కాలు తప్ప అంతా క్షేమం. తణుకులో మీరూ, మీ అమ్మగారూ కులాసా అని తలుస్తాను.

ఫోను పెట్టుకుని ఉత్తరం ఏంటని నవ్వకండి. ఫోనులో నా గొంతు వింటే మీరు ఇట్టే పసిగట్టేస్తారు. కాగితంతో ఆ భయం లేదు.

ఇక్కడ నాట్లు మొదలయ్యాయి. పొద్దున్నే వీధి వీధంతా చేలకు పోతే, మళ్లీ మధ్యాహ్నం దాకా మా గుమ్మం ముందు కాకి కూడా వాలదు. మా ఆవిడ పోయాక టీవీ కొన్నాను గానీ, అది నన్ను తిన్నావా అని అడగదు కదా. అడిగేది మీరొక్కరే, అదీ సోమవారం. ఆ రోజు పెందలాడే గడ్డం గీసుకుని, ఉతికిన పంచె కట్టుకుని అరుగు మీద కూర్చుంటాను. మీరు వస్తారు, కాలికి వ్యాయామం చేయిస్తారు, గోడ పట్టించి నడిపిస్తారు, నాలుగు చివాట్లు పెడతారు, మజ్జిగ తాగి వెళ్తారు. మంగళవారం నుంచి మళ్లీ ఎదురుచూపే.

చేనుగట్టు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నప్పటి నుంచి, రెండేళ్లుగా వస్తున్నారు. మీ పద్ధతి నాకు తెలుసు. రోగి సాయం లేకుండా వీధి చివరిదాకా నడిచాడంటే ఇక ఆ గడప తొక్కరు. మా వీధిలో పెద్దిరాజు అలా నడిచిన మర్నాటి నుంచి వాడింటికి మీరు వెళ్లనేలేదు. ఊరంతా వాణ్ని అదృష్టవంతుడంది. నేను మాత్రం అనలేదు.

అసలు సంగతికి వస్తాను. మొన్న వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర మా పక్కింటి లక్ష్మీదుర్గతో మీరన్నది నా చెవిన పడింది. ఇన్నాళ్లు చేసినా తాతగారిని నడిపించలేకపోయానండి, నాకీ పని చేతకాదండి, మానేసి ఏదన్నా కొట్లో కూర్చుంటాను అని కళ్లు తుడుచుకున్నారు. అప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. అంత మాట అనకండమ్మా. లోపం మీ వైద్యంలో లేదు. ముసలి ఎముక, మొండి ఎముక. ఎప్పటిలాగే సోమవారం రండి, మెల్లగా చూద్దాం.

ఇట్లు
మీ మేలు కోరే
అప్పాజీ

తా.క.: పైనదంతా ఇంట్లో రాశాను. ఇది మాత్రం పోస్టాఫీసులో, పోస్టుమాస్టరు గారి పెన్ను అడిగి రాస్తున్నాను. అబద్ధం డబ్బాలో వెయ్యడానికి చెయ్యి రాలేదు. ఇక్కడికి నడిచే వచ్చానమ్మా. గోడ లేదు, కర్ర లేదు, మనిషి తోడు లేదు. మాఘమాసం నుంచే నడుస్తున్నాను, వీధిలో ఎవరూ లేని వేళ చూసుకుని, మీరు వచ్చే రోజు తప్ప. మీ హస్తవాసి చాలా మంచిది. పని మానకండి. సోమవారం ఇంకెవరి ఇంటికైనా వెళ్లండి.

ఇక బయలుదేరతాను. ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లు లేరు కాబట్టి తొందరేం లేదు, నిదానంగానే నడుస్తాను.