ఇంట్లో ఎంతమంది ఉంటారు?

పిల్లల అమ్మకు, నేను క్షేమంగానే ఉన్నాను, ఉద్యోగమూ ఉంది.

నిన్నటి సంగతి ఫోనులో చెప్పడానికి నోరు రాక కార్డు రాస్తున్నాను. ఆఫీసులో సర్వే కాల్స్ చేస్తూ, జాబితాలో ఉన్న నంబరు బదులు చేతికి అలవాటైన మన నంబరే నొక్కాను. "ఇంట్లో ఎంతమంది ఉంటారండీ?" అని సర్వే ప్రశ్న చదివాను. "ఐదుగురం. అందులో ఒకాయన ఇంటి ముఖం చూసి మూడు నెలలైంది" అన్నావు. నీ గొంతని తెలియక అదీ రాసుకున్నాను. "ఇంటి యజమాని ఏం చేస్తారు?" అన్నాను. "ఇదిగో, నన్నే ప్రశ్నలడుగుతున్నారు. ఏమండీ, భోంచేశారా?" అన్నాక గానీ తెలివి రాలేదు. గబుక్కున ఫోను పెట్టేశాను.

మా కాల్స్ అన్నీ రికార్డవుతాయి. పొద్దున సూపర్‌వైజరమ్మ పిలిస్తే పని పోయిందనే అనుకున్నాను. ఆవిడ, "బాబాయ్ గారూ, మీ పుస్తకం ఇలా ఇవ్వండి" అంది. ఏ రోజు ఎన్ని కాల్స్ చేశానో రాసుకునే పుస్తకం అది. తొంభై రోజుల్లో ఒక్కరోజూ నూట ఇరవైకి తగ్గలేదు, సెలవు లేదు. అది పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్లింది. "భార్య గొంతు కూడా పోల్చుకోలేనంతగా పని చేయిస్తున్నాం సార్" అనడం బయటికి వినిపించింది.

సోమవారం నుంచి అందరికీ రోజుకు డెబ్బై కాల్సే. నాకు పది రోజులు సెలవు. మధ్యాహ్నం కుర్చీలోనే గంటసేపు నిద్రపోయాను, ఎవరూ లేపలేదు.

అమ్మ కళ్లద్దాలు బాగుచేయించావా? వంటింటి కుళాయికి ఎవరినీ పిలవకు, నేను చూస్తాను. శనివారం వస్తున్నాను. అమ్మకు నమస్కారం, పిల్లలకు దీవెనలు.

సర్వేలో చివరి ప్రశ్న మిగిలిపోయింది: "మీరు ఎంతవరకు సంతృప్తిగా ఉన్నారు?" అది ఎదురుగా కూర్చుని అడుగుతాను.